రేడియో ఉద్యోగి సంగీత చరిత్రకారుడెలా అయ్యారు? బాలాంత్రపు రజనీకాంతరావు గారి గురించి

నిడదవోలు_జంక్షన్ | శనివారం, రాత్రి 9:12

సంగీతంలో ఎం.ఏ. చదువుతున్నాను. రజని గారి 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' (పాట రాసి తామే బాణీ కట్టినవాళ్ల చరిత్ర) మాకు పాఠ్యగ్రంథం. 1958లో వచ్చింది, 1961లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి అందుకుంది. పరీక్షలో మార్కులు తెచ్చుకోవడానికి ఈ రెండు ముక్కలు చాలు. నా సందేహం వేరు.

ఆయన విశ్వవిద్యాలయంలో ఆచార్యులు కారు, శాసనాలు చదివే పరిశోధకులూ కారు. 1941లో మద్రాసు రేడియోలో చేరారు. విజయవాడ కేంద్రానికి డైరెక్టరుగా ఉన్నారు. 1978లో బెంగళూరులో ఉద్యోగ విరమణ చేశారు. ఈ మధ్యలో పాటలు రాశారు, బాణీలు కట్టారు, రూపకాలు నడిపించారు. ఇన్ని పనులు నెత్తిన పెట్టుకున్న మనిషి పాల్కురికి సోమనాథుడి నాటి పదాల దగ్గర నుంచి త్యాగయ్య దాకా, ఆ తర్వాత దాకా తెలుగు పాట చరిత్రంతా తవ్వాలని ఎందుకు అనుకున్నారు? మా ఊళ్లో పుట్టారని (1920 జనవరి 29) చెప్పుకొని మురిసిపోవడమే తప్ప ఈ సంగతి అడిగితే మా వాళ్లెవరూ నోరు విప్పరు. తెలిసిన పెద్దలు చెప్పండి.

ముందువరుస | శనివారం, రాత్రి 9:40

మీ ఊరు పుట్టిన ఊరు మాత్రమే. పెరిగింది పిఠాపురం. ఆ ఊరి గాలి తెలియకపోతే ఆయన సగం అర్థం కారు. తండ్రి వెంకటరావు గారు వేంకట పార్వతీశ కవుల జంటలో ఒకరు. వాళ్లు బెంగాలీ నవలలు తెలుగు చేసిన వాళ్లు. అన్నదమ్ముల పేర్లు చూడండి: నళినీకాంత, రజనీకాంత. ఆ రోజుల్లో గోదావరి జిల్లాలో ఏ సుబ్బారావో సత్యనారాయణో కావలసిన పిల్లలు! అదే ఊళ్లో సంస్థాన వైణికులు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి గారు. ఆయన వీణ విని టాగూరు శాంతినికేతనానికి పిలిపించుకున్నారు. ఇంట్లో కవిత్వం, వీధిలో వీణ. ఆపైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పింగళి లక్ష్మీకాంతం గారి దగ్గర తెలుగు చదువు. అలాంటి పిల్లవాడు చరిత్ర రాయడంలో వింతేముంది?

తాళపత్రం | శనివారం, రాత్రి 10:05

ముందువరుస గారూ, గాలి వల్ల కవులు పుడతారేమో, చరిత్ర పుస్తకాలు పుట్టవు. పిఠాపురంలో ఆ గాలి పీల్చినవాళ్లు వందల మంది ఉన్నారు. కారణం ఇంకెక్కడో ఉండాలి.

పాత_రేడియో | ఆదివారం, ఉదయం 6:50

ఒక కేంద్రంలో కార్యక్రమ విభాగంలో పనిచేసి విరమించినవాణ్ని. రజని గారి కింద పనిచేసే భాగ్యం దక్కలేదు, ఆయన తరం పద్ధతులు మాత్రం మా పై అధికారుల ద్వారా మా దాకా వచ్చాయి. జంక్షన్ అడిగింది మంచి ప్రశ్న. నా జవాబు ఇది: ఆయన రేడియోలో ఉన్నా పుస్తకం రాశారు అనుకోవద్దు, రేడియోలో ఉన్నందువల్లే రాయగలిగారు.

ఎలాగో చెబుతాను. అన్నమయ్య వంశం వాళ్ల పాటలు చెక్కిన తాళ్లపాక రాగిరేకులు ఉన్నాయి. తిరుమల ఆలయంలో సంకీర్తన భండారమనే చిన్న గదిలో వందల ఏళ్లు పడి ఉన్న రేకులవి. వాటి మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. సాహిత్య పరిశోధకుడికి అంతటితో అభ్యంతరం లేదు. ఆ పాటను ఆనాడు ఎలా పాడారో తెలియకపోయినా ఆయన వ్యాసం పూర్తవుతుంది, అచ్చవుతుంది, సన్మానమూ జరుగుతుంది. రేడియోవాడి సంగతి అలా కాదు. రాత్రి ఎనిమిదింటికి ప్రసారం. ఎవరో ఒకరు నోరు తెరిచి పాడాలి. ఏ పాఠం తీసుకోవాలి, ఈ చరణం ఎక్కడిది, పల్లవికి ఎక్కడ తిరిగి రావాలి, రేకు మీద ఉన్న రాగం పేరూ ఇవాళ మనం పాడుతున్న రాగమూ ఒకటేనా... ఇవన్నీ ఆ సాయంత్రంలోగా తేలాలి. తేలకపోతే ఏదో ఒకటి నిర్ణయించుకొని, 'ఎందుకు' అని ఉత్తరం రాసే శ్రోతకు జవాబు చెప్పాలి. పదిహేడేళ్లు ఈ ఒత్తిడిలో ఉన్నవాడి దగ్గర చరిత్ర పోగుపడకపోతేనే ఆశ్చర్యం.

పైగా అప్పట్లో టేపులు లేవు. సంగీత రూపకమంటే వీణ, వయొలిన్, వేణువు, మృదంగం, గాయకులు, పాత్రధారులు అందరూ ఒకే స్టూడియోలో మైకుల చుట్టూ సర్దుకొని, ఎర్ర దీపం వెలిగిన క్షణం నుంచి ఆరిపోయే దాకా తప్పు లేకుండా నడిపించాలి. గాజు తలుపు అవతల కూర్చున్నవాడు చేతి సైగతో 'ఇంకో రెండు నిమిషాలు' అంటే ఇవతలివాడు అక్కడికక్కడే ఒక చరణం తగ్గించాలి. ఏ చరణం తీసేస్తే అర్థం చెడదో తెలియాలంటే పాట లోపలి ఎముకలు తెలియాలి.

నిడదవోలు_జంక్షన్ | ఆదివారం, ఉదయం 8:15

నమస్కారం మాస్టారూ. ఇది మా తరగతిలో ఎవరూ చెప్పలేదు. అయితే ఆయనే కట్టిన బాణీలకూ ఈ చరిత్రకూ సంబంధం ఉందంటారా?

ముందువరుస | ఆదివారం, ఉదయం 9:02

దీనికి నేను చెబుతాను. 1940 మార్చి నుంచి ఆకాశవాణిలో హార్మోనియం నిషేధం. గమకం (స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం) పలకదని, మన సంగీతానికి తగదని. ఆ నిషేధం కొంతైనా సడలింది 1971లో. అంటే 1941లో ఉద్యోగంలో చేరిన రజని గారు తన ఉద్యోగ జీవితంలో చాలా భాగం హార్మోనియం లేకుండానే లలిత సంగీతం చేశారు. నాటకాల వాళ్లు, భజన వాళ్లు, సినిమా వాళ్లు అందరూ హార్మోనియం మెట్ల మీద పాట కడుతుంటే రేడియోలో తంబురా శ్రుతి మీద, వీణ పక్కన పెట్టుకొని కట్టాల్సి వచ్చింది. పాత లలిత గీతాలు వినండి, స్వరం నుంచి స్వరానికి దూకడం ఉండదు, జారుతుంది. అది నచ్చనివాళ్లు 'నీరసం' అంటారు. వాళ్ల కర్మ.

ఇంకో విషయం. 1952లో కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చి సినిమా పాటలను రేడియో నుంచి తగ్గించుకుంటూ పోయారు. జనం రేడియో సిలోను వైపు మళ్లారు. వాళ్లను వెనక్కి తెచ్చుకోవడానికి ఆకాశవాణి కేంద్రాలు సొంతంగా తేలిక పాటలు తయారుచేయాలి. ఉత్తరాదిన చాలాచోట్ల ఆ ప్రయత్నం చతికిలపడింది. తెలుగులో నిలబడిందంటే రజని, కృష్ణశాస్త్రి వంటివాళ్లు అప్పటికే ఆ పనిలో ఉన్నారు కాబట్టి. పై నుంచి వచ్చిన హుకుం తెలుగులో వరమైంది.

వెండితెర | ఆదివారం, మధ్యాహ్నం 12:30

సినిమా గురించి ఎవరూ ఎత్తలేదేమిటి? 1945లో వచ్చిన బి.ఎన్.రెడ్డి గారి 'స్వర్గసీమ'లో భానుమతి పాడిన పావురం పాట రజని గారిదే. తెర మీద మాత్రం ఆ పేరు కనిపించదు. ప్రభుత్వ ఉద్యోగి బయట పనిచేయకూడదు కదా. ఆ తర్వాత కూడా కొన్ని సినిమాలకు వేరే పేర్ల చాటున పనిచేశారు. సినిమా వాళ్ల చరిత్ర రాసేటప్పుడు ఈ చాటు పేర్లతో మా బోటి వాళ్లు పడే తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

తాళపత్రం | ఆదివారం, మధ్యాహ్నం 1:10

వాగ్గేయకారుల ముద్రలు (పాటలో సంతకంలా ఉంచే పేర్లు) వెతికి వెతికి ఎవరిది ఏ పాటో తేల్చిన మనిషి తన పాట మీద తన ముద్ర వేసుకోలేకపోయారన్నమాట. సర్లెండి.

పాత_రేడియో గారి వాదన బాగుంది కాని సగమే. 1941 అనే సంవత్సరాన్ని గమనించండి. ఆయన మద్రాసులో చేరిన ఆ ఏడాదే అన్నామలైనగర్‌లో తమిళ ఇసై మహాసభ జరిగింది. కచేరీల్లో అన్నీ తెలుగు కృతులే ఎందుకు, తమిళ పాటకు చోటేదని గట్టిగా అడిగారు. 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం కూడా ఆ గొడవలో నలిగింది, ఎందుకంటే ఏ భాషలో ఎంతసేపు పాడాలన్నది రోజూ నిర్ణయించేది వాళ్లే. వాళ్ల వాదనలో న్యాయం ఉంది. తమ నేల మీద తమ భాషలో పాట వినాలనుకోవడం తప్పు కాదు.

ఆ చర్చ మధ్యలో ఉన్న తెలుగు ఉద్యోగికి ఒకటి అర్థమై ఉంటుంది. తంజావూరు నాయకుల కొలువులో, మధురలో, మేలట్టూరు భాగవతమేళాల్లో, తిరువైయారులో ఇన్ని వందల ఏళ్లు తెలుగులో పాట పుట్టింది. దాని చరిత్రను తెలుగువాళ్లు తెలుగులో రాసుకోకపోతే ఎవరు రాస్తారు? సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయింది. ఎట్టయపురం ఎక్కడుందో పటంలో చూడండి, తూత్తుకుడి పక్కన. మన సంగీత భాండాగారం మన రాష్ట్రం బయట ఉంది. 1956లో రాష్ట్రం ఏర్పడింది, 1958లో ఈ పుస్తకం వచ్చింది. అదే 1958లో ఢిల్లీ నాట్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయ నృత్యమేనా అని వాదనలు జరిగాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పుస్తకం వెనుక ఉన్న తొందర తెలుస్తుంది.

ఏకశిల | ఆదివారం, సాయంత్రం 5:48

తాళపత్రం గారు రాష్ట్రం అనగానే నాకు ఓ మాట అనాలనిపించింది. పుస్తకం పేరులో 'ఆంధ్ర' ఉంది, అందులో మా తెలంగాణవాళ్లు ఎంతమంది? రామదాసు నేలకొండపల్లి మనిషి, భద్రాచలం తహశీల్దారు, తానీషా కాలంలో (1672-1687) గోల్కొండ ఖైదులో ఉన్నవాడు. పాల్కురికి సోమన మావాడు. పదాల జాబితా మొదట ఇచ్చింది ఆయనే కదా: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు. ఆ జాబితా లేకపోతే తెలుగు పాట చరిత్రకు మొదటి పేజీ ఉండేది కాదు.

రేడియో అంటే మద్రాసు, విజయవాడ అని మాట్లాడుతున్నారు. హైదరాబాదులో 1935 నుంచే దక్కన్ రేడియో ఉంది, నిజాం ప్రభుత్వానిది. మద్రాసు కేంద్రం వచ్చింది 1938లో. విజయవాడ 1948 డిసెంబరులో. అయితే హైదరాబాదులో ఉర్దూదే పైచేయి, తెలుగు పాటకు దక్కింది కొసరు. అక్కడ ఓ రజని పుట్టడానికి వీలు ఎక్కడిది? ఇది ఆయన తప్పు అనడం లేదు. మాకు జరిగింది చెబుతున్నాను.

తాళపత్రం | ఆదివారం, సాయంత్రం 6:20

ఏకశిల గారూ, ఆ మాటలో న్యాయం ఉంది. 'ఆంధ్ర' అన్న మాటను ఆ తరం తెలుగుకు పర్యాయపదంగా వాడింది. సురవరం ప్రతాపరెడ్డి గారు కూడా 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అనే పేరు పెట్టారు, ఆయన పాలమూరు మనిషి. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి దానికే. ఆరేళ్లకు రజని గారి సంగీత చరిత్రకు. ఆ మరుసటి ఏడాది విశ్వనాథ. కథలకూ కవిత్వానికీ కాక జనం ఏం తిన్నారు, ఏం పాడారు అనే పుస్తకాలకు తొలి బహుమతులు దక్కిన భాష మనది. ఇవాళ అలాంటి పుస్తకం ఎవరైనా రాస్తే అచ్చువేసే దిక్కు ఉందా?

పాత_రేడియో | ఆదివారం, సాయంత్రం 7:05

ఒక్క సవరణ. దక్కన్ రేడియోను 1950లో ఆకాశవాణి తీసుకున్నాక హైదరాబాదు కేంద్రంలో తెలుగు బలపడింది. దాశరథి, స్థానం నరసింహారావు గార్లు అక్కడ పనిచేసినవారే. ఆలస్యమైన మాట నిజం.

బే_ఏరియా_బామ్మ | ఆదివారం, రాత్రి 8:11

నాయనా, మీ వాదాలు బాగున్నాయి కాని ఆయన పిల్లల పాటలు ఎవరికీ గుర్తు లేవా? 'జేజిమామయ్య పాటలు' అని పుస్తకం. నా మనవరాలికి తెలుగు అక్షరాలు రావు, ఆ పాటలు మాత్రం చేతులు తిప్పుతూ పాడుతుంది. మాదీ స్వతంత్ర దేశం పాట కూడా ఆయనదే. 1947లో మద్రాసు రేడియోకి సూర్యకుమారి పాడింది. ఆ గొంతు ఇప్పటి పిల్లలకు వినిపిస్తే నోరు తెరుస్తారు.

తాళపత్రం | ఆదివారం, రాత్రి 9:30

పొగడ్తలు చాలా అయ్యాయి, పుస్తకం లోపలికి వెళదాం. చరిత్ర విద్యార్థిగా నా ఫిర్యాదు: ఆ తరం వాగ్గేయకార చరిత్రలన్నిటిలాగే ఇందులోనూ విన్న కథకూ చూసిన ఆధారానికీ మధ్య గీత పలచగా ఉంటుంది. క్షేత్రయ్యనే తీసుకోండి. మువ్వ గ్రామం, గోపాలస్వామి గుడి, చదువురాని కుర్రవాడు, యోగి ఉపదేశం, దేవదాసి ప్రేమ. చెవులకు ఇంపుగా ఉంటుంది. ఆధారం? గట్టిగా నిలబడేది ఆయన సొంత పదం ఒక్కటే, మేరువ పదం అంటారు. మధుర తిరుమల నాయకుడి ఎదుట రెండు వేలు, తంజావూరు విజయరాఘవుడి ఎదుట వెయ్యి, గోల్కొండ పాదుషా దగ్గర వెయ్యిన్ని అయిదు వందలు పాడానని అందులో చెప్పుకున్నాడు. తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా, విజయరాఘవుడు 1673 దాకా. అంటే క్షేత్రయ్య కాలం తేలిపోయింది. మిగతాదంతా మనం ముచ్చటపడి అల్లుకున్నదే. మువ్వ కృష్ణా జిల్లాదా, తమిళదేశంలోని మరో ఊరా అని కూడా పండితులు కొట్టుకున్నారు.

రజని గారు క్షేత్రయ్య మీదే విడిగా ఒక చిన్న పుస్తకం ఆంగ్లంలో రాశారు, అకాడెమీ వారికి. రామదాసు మీద మరొకటి. ప్రేమ ఎక్కువైన చోట చరిత్రకారుడు కొంచెం వెనకడుగు వేయాలి కదా?

ముందువరుస | ఆదివారం, రాత్రి 10:15

మీ గీత మీరు గీసుకోండి, తాళపత్రం గారూ. క్షేత్రయ్య వేల పదాలు పాడానన్నాడు, మనకు దక్కినవి కొన్ని వందలు. అవి ఎవరి వల్ల దక్కాయి? మీ ఆధారాల వల్లనా? మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంటి వాళ్ల గొంతుల్లో, మన దగ్గర బళ్లిపాడు, మురమండ కలావంతుల ఇళ్లలో అమ్మ నుంచి కూతురికి నేర్పితే దక్కాయి. ఎవరి దగ్గరా శాసనం లేదు. 'మా అమ్మమ్మ ఇలా పట్టేది' అనే మాటే ఆధారం. పాట చరిత్రలో ఆ మాటను పక్కన పెడితే ఇంకేం మిగులుతుంది? రజని గారు ఆ కథలను ఉంచడం నాకు తప్పుగా తోచలేదు. అవి కథలని పాఠకుడికి తెలుసు.

తాళపత్రం | ఆదివారం, రాత్రి 10:32

తెలుసు అంటారా? గుడి మెట్ల మీద అడిగి చూడండి. క్షేత్రయ్యకు యోగి మంత్రం ఇచ్చింది నిజమని తొంభై మంది చెబుతారు, తిరుమల నాయకుడి పేరు ఒక్కరూ చెప్పరు.

అయినా కలావంతుల మాట ఎత్తారు కాబట్టి చేదు నిజం ఒకటి చెబుతాను. 1946లో సమాచార ప్రసార శాఖ చేపట్టాక సర్దార్ పటేల్ ఆకాశవాణికి ఒక కట్టడి చేశారు. వ్యక్తిగత జీవితం నలుగురి నోళ్లలో పడిన గాయనులను రేడియోలోకి రానివ్వకూడదని. ఆ మాటకు అప్పట్లో అర్థం ఏమిటో అందరికీ తెలుసు. 1947లోనే మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. ఆటపాటలకు అటు గుడి తలుపు మూసుకుంది, ఇటు స్టూడియో తలుపు సగం మూసుకుంది. పదాలను కాపాడిన ఇళ్లకు చోటు లేకుండా చేసి, ఆ పదాల గొప్పదనం మీద ప్రసంగాలు ప్రసారం చేసింది మన రేడియో. పాత_రేడియో గారు దీనికేమంటారు?

పాత_రేడియో | సోమవారం, ఉదయం 7:20

ఏమంటాను? కాదనను. పెద్ద పెద్ద గాయనులు పెళ్లయిన ఇల్లాలిగా కాగితం మీద కనిపిస్తేనే లోపలికి వచ్చిన రోజులవి. చాలామంది ఇంటి పేర్లు మార్చుకున్నారు. కాంట్రాక్టు కాగితాల్లో పేరు ముందు 'శ్రీమతి' రాయించుకోవడం ఒక పోరాటం. మా తరానికి ఆ సంగతి పైవాళ్లు చెబితేనే తెలిసింది, అదీ గొంతు తగ్గించి.

అయితే రేడియో చేసిన మేలు కూడా లెక్కలో రాయండి. కొలువు పోయిన విద్వాంసుడికి నెల జీతం ఇచ్చి 'నిలయ విద్వాంసుడు' అని కూర్చోబెట్టింది ఎవరు? జమీందారీలు పోయాక 1950 తర్వాత వీణ వాయించేవాడికి ఇంకెవరు జీతమిచ్చారు? విజయవాడ కేంద్రం చూడండి. బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, కూచిపూడి కోసం పట్టుబట్టిన బందా కనకలింగేశ్వరరావు, పక్క గదిలో రజని గారి గురువు పింగళి వారే. వీళ్లంతా ఒకే చోట జీతం తీసుకున్నారు. కారిడార్లో రెండు మాటలు అనుకుంటే చాలు, ఒక రాగం సంగతి తేలిపోయేది. విశ్వవిద్యాలయంలో ఏ శాఖకూ అంత బలగం లేదు.

ముందువరుస | సోమవారం, ఉదయం 8:00

భక్తిరంజని మాట మరిచారు. తెలుగిళ్లలో పొద్దున్నే పొయ్యి రాజేసే వేళకు వినిపించిన కార్యక్రమం. దాన్ని మొదలుపెట్టిన ఘనత కొందరు రజని గారికిస్తారు, కొందరు బాలమురళి గారికి. ఇద్దరి అభిమానులూ ఏళ్ల తరబడి ఈ విషయం మీద ముఖాలు మాడ్చుకుంటున్నారు.

పాత_రేడియో | సోమవారం, ఉదయం 8:25

ఆకాశవాణిలో ఏ కార్యక్రమమూ ఒక్కడిది కాదమ్మా. ఒకరు తలపెడతారు, ఒకరు పేరు పెడతారు, ఒకరు బాణీ కడతారు, ఒకరు పాడతారు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ట్రాన్స్‌మిటర్ వేడెక్కించేవాడు ఇంకొకడు. వాడి పేరు ఎవరూ అడగరు.

భక్తిరంజనిలో నాకు కనిపించే రజని గారి ముద్ర వేరు. అందులో త్యాగయ్య పక్కన తత్వాలు, తత్వాల పక్కన అధ్యాత్మ రామాయణ కీర్తనలు, ఆదివారం సూర్యస్తుతి. పండితుల పాట, పామరుల పాట అనే తేడా లేకుండా వరసలో పెట్టడం. ఆయన పుస్తకం చూడండి, అక్కడా అదే వరస. సంగీత మూర్తిత్రయంతో మొదలుపెట్టి వాళ్లతోనే ముగించే చరిత్ర కాదది. యక్షగానం రాసినవాడు, పదం పాడినవాడు, వచనాలు చెప్పిన సింహగిరి కృష్ణమాచార్యుడు, అందరికీ పంక్తిలో చోటుంది. పొద్దున ఆరింటికి ఎవరెవరు రేడియో పెడతారో తెలిసిన మనిషి రాసిన చరిత్ర కాబట్టి అలా వచ్చింది.

ఏకశిల | సోమవారం, మధ్యాహ్నం 1:40

ఇది ఒప్పుకోదగ్గ మాట. మా ఇంట్లో నాన్నకు సంగీతం అంటే ఏమిటో తెలియదు, రామదాసు కీర్తనలు మాత్రం భక్తిరంజనిలో విని అన్నీ నోటికి వచ్చాయి. తప్పులతో సహా.

వెండితెర | సోమవారం, సాయంత్రం 4:15

ఆ రికార్డింగులన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయి? ఉంటే బయటికి ఎందుకు రావు?

పాత_రేడియో | సోమవారం, సాయంత్రం 6:00

టేపు వచ్చాక వచ్చిన చిక్కు అది. స్పూలు ఖరీదు. ప్రసారం కాగానే చెరిపి దాని మీదే మరొకటి రికార్డు చేయాలి. 'భద్రపరచవలసినది' అని ఎవరైనా అట్ట మీద రాస్తేనే బీరువాకు వెళ్లేది. ఆ ముక్క రాసేవాడికి దాని విలువ తెలియాలి, ఆ రోజు సెలవులో ఉండకూడదు. టేపు రాకముందు ప్రత్యక్షంగా వెళ్లినవి గాలిలో కలిసిపోయాయి. 1940లలో రజని గారు మద్రాసులో చేసిన సంగీత రూపకాలు చాలా వరకు ఇవాళ కాగితం మీదే మిగిలాయి. ఆయన పాటలు 'శతపత్ర సుందరి'గా పుస్తకమై ఉండకపోతే మాటలూ పోయేవి.

తాళపత్రం | సోమవారం, రాత్రి 8:45

అంటే తాళ్లపాక రేకులకు పట్టిన గతే. సాహిత్యం ఉంది, స్వరం లేదు. రేకులకు అయిదు వందల ఏళ్లు పట్టింది, మనం యాభై ఏళ్లలో సాధించాం.

మీరందరూ చెప్పింది విన్నాక నా ఫిర్యాదు వదులుకోను గాని దాన్ని ఇంకొంచెం సూటిగా పెడతాను. పుస్తకం మళ్లీ అచ్చువేసేవాళ్లు ప్రతి అధ్యాయం కింద వివరంగా పాదసూచికలు చేర్చాలి. ఇది గాయకుల నోటి మాట, ఇది తాళపత్రం, ఇది ముద్రిత ప్రతి అని. 1958 తర్వాత చాలా మారింది. 1978లో తిరుపతిలో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలయ్యాక ఎన్ని వేల పాటలు వెలుగు చూశాయి! రజని గారు రాసేనాటికి అన్నమయ్య సామాన్య జనానికి పేరు మాత్రమే. రాళ్లపల్లి వారు బాణీలు కట్టిన పాటలు వేళ్ల మీద లెక్కపెట్టేవి కాకపోయినా ఇంటింటికీ చేరలేదు. ఆ అధ్యాయం ఇవాళ రాస్తే మూడింతలు పెరుగుతుంది.

నిడదవోలు_జంక్షన్ | సోమవారం, రాత్రి 9:20

అందరికీ కృతజ్ఞతలు. నా లఘుపరిశోధనకు విషయం దొరికింది: రేడియో అవసరాలు ఆయన చరిత్ర రచనను ఎలా మలిచాయి అని. ఆకాశవాణి వారి 'వాణి' పత్రిక పాత సంచికల్లో ప్రసారాల వివరాలు చూసి, ఏ వాగ్గేయకారుడి మీద ఏ ఏడాది రూపకం వెళ్లిందో, పుస్తకంలో ఆ అధ్యాయం ఎంత నిడివి ఉందో పోల్చి చూడాలని ఉంది. మాస్టారూ, పాత సంచికలు ఎక్కడ దొరుకుతాయి?

పాత_రేడియో | సోమవారం, రాత్రి 9:50

వేటపాలెం సారస్వత నికేతనంలో మొదట అడగండి. పాత పత్రికలకు అంతకు మించిన చోటు లేదు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం రెండోది. మీ మాస్టారి చేత ఉత్తరం రాయించుకొని వెళ్లండి, ఫోను చేసి 'ఉందా' అంటే 'లేదు' అనే అంటారు.

కార్వేటి | సోమవారం, రాత్రి 10:30

మూడు రోజులుగా చదువుతున్నాను. అందరూ క్షేత్రయ్య మువ్వగోపాలుడి గురించే. మా కార్వేటినగరం సారంగపాణి మాటేమిటి? వేణుగోపాలుడి ముద్రతో ఆయన రాసిన పదాల్లో వీధి భాష, తిట్లు, ఎగతాళి, అన్నీ ఉన్నాయి. చిత్తూరు జిల్లా వాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. జంక్షన్, మీ పట్టికలో ఆయనకు ఎన్ని రూపకాలు వచ్చాయో చూసి చెప్పండి.

ముందువరుస | సోమవారం, రాత్రి 10:41

ఆ పదాలు కొన్ని పొద్దున ఆరింటికి ప్రసారం చేస్తే కేంద్రం డైరెక్టరును ఆ సాయంత్రానికి బదిలీ చేసేవాళ్లు, కార్వేటి గారూ!

కార్వేటి | సోమవారం, రాత్రి 10:44

రాత్రి పదకొండింటికి వేయమనండి. మేం మేలుకునే ఉంటాం.